ఘోషా ఫోటో: గోడ నుంచి గాజు దాకా

1892లో హైదరాబాద్‌లో ఒక ఫోటో స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన ప్రహరీ. లోపల మగపురుగు కనిపించడానికి వీల్లేదు. కెమెరా వెనక నిలబడేది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. ఆమెకు సాయం చేసేవాళ్లందరూ స్థానిక స్త్రీలే. పల్లకీల్లో, తెరలు దించిన బండ్లలో వచ్చే నవాబుల ఇళ్ల ఆడవాళ్లు అక్కడ ముసుగు తీసి ఫోటో దిగేవారు. దాన్ని జనానా స్టూడియో అనేవారు.

యజమాని మాత్రం మగవాడే, రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చుకుని, 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సగం గిరాకీ గోడల వెనకే ఉండిపోతోందని గ్రహించిన వ్యాపారి. అదే కాలంలో లండన్‌లో ఆలిస్ హ్యూస్ అనే ఆవిడ 1891లో స్టూడియో పెట్టి, ఆడవాళ్లనూ పిల్లలనూ తప్ప మరెవరినీ తీయకుండా పేరు తెచ్చుకుంది. ఒక దశలో ఆమె దగ్గర అరవై మంది దాకా స్త్రీలు పనిచేశారు. ఆమెకు అది ఇష్టపడి పెట్టుకున్న నియమం. హైదరాబాద్‌లో అది లోకాచారం పెట్టిన షరతు.

పరదా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఘోషా ఆసుపత్రులు మనకు తెలుసు. మద్రాసులో 1885లోనే ఒకటి వచ్చింది. అక్కడ వైద్యం అయ్యాక రోగి తన ఒంటితో సహా ఇంటికి వెళ్లిపోతుంది. స్టూడియోలో అలా కాదు. ఆమె ఇంటికి వెళ్లినా ఆమె ముఖం గాజు పలక మీద అక్కడే ఉంటుంది. ఆ గాజు ఇంకా ఎన్నో చేతులు మారాలి. ఏ ఒక్క చోట మగవాడి చెయ్యి తగిలినా ప్రహరీ కట్టిన ఖర్చంతా దండగే.

అందుకే ఆ ఫోటో తయారీని మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క మెట్టుగా చూద్దాం. ఆ రోజుల స్టూడియోలన్నిటిదీ దాదాపు ఒకటే పద్ధతి. హైదరాబాద్ ఉన్న దక్కను పీఠభూమి మీదే ఇంకా దక్షిణాన, వాన తక్కువగా పడే అనంతపురంలో ఇదే పని పెట్టుకుంటే ఎక్కడ కలిసొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుందన్నదీ వెంట వెంటే చూద్దాం.

1. గది, వెలుతురు

కరెంటు దీపాల కాలం కాదు. వెలుతురంటే సూర్యుడే. కానీ నేరుగా పడే ఎండ ముఖానికి పనికిరాదు. కనుగుంటల్లో, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, కళ్లు చికిలించుకుపోతాయి. అందుకని స్టూడియో గదికి ఉత్తరం వైపు గోడలో, పైకప్పులో పెద్ద గాజు పలకలు బిగించేవారు. మన దేశంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి ఎండ నేరుగా పడదు, ఆకాశపు వెలుగు ఒక్కటే దిగుతుంది. రాయలసీమ మిద్దె ఇంట్లో గవాక్షి చేసే పనే ఇది, కాకపోతే గది అంత పెద్దది. గాజు కింద తెల్లటి, నీలిరంగు తెరలు తాళ్లతో జరుపుకునేలా కట్టేవారు. ఒక వైపు తెర మూస్తే ముఖంలో ఆ వైపు నీడ చిక్కబడుతుంది. రెండో వైపు తెల్ల గుడ్డ నిలబెడితే ఆ నీడ పలచబడుతుంది.

జనానా స్టూడియోకి ఇక్కడే మొదటి చిక్కు. వెలుతురు కావాలంటే గాజు ఉండాలి, గాజు ఉంటే చూపు పడుతుంది. ప్రహరీ ఎత్తు పెంచడం, పక్క మేడల నుంచి కనపడకుండా కప్పుకు గరుకు గాజు వేయడం దీనికి దారులు. గరుకు గాజు చూపును ఆపి వెలుగును వదులుతుంది, పైగా వెలుగును మెత్తగా చేస్తుంది.

అనంతపురంలో వెలుతురుకు కొదవ లేదు. మబ్బు పట్టే రోజులే తక్కువ. ఎక్కువ కావడమే ఇబ్బంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చి, ఉత్తరపు వాలులోంచి కూడా ఎండ దిగుతుంది. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు లోపే కూర్చోబెట్టడం మేలు.

2. ప్లేటు

అంతకు ముందు తరంలో తడి కొలోడియన్ పద్ధతి ఉండేది. గాజుకు మందు పూసి, అది ఆరేలోపే కెమెరాలో పెట్టి, తీసి, కడిగేయాలి. మొత్తం పదీ పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్‌లో వెండి లవణం కలిపి గాజుకు పూసి ఆరబెట్టవచ్చని చూపించాడు. 1880ల నాటికి పొడి ప్లేట్లు పెట్టెల్లో సిద్ధంగా అమ్మకానికి వచ్చాయి. ఎప్పుడో పూసినది ఇప్పుడు వాడుకోవచ్చు, పొద్దున తీసినది రాత్రి కడుక్కోవచ్చు. జనానా స్టూడియో నడవడానికి ప్రహరీతో సమానంగా ఈ పొడి ప్లేటూ కారణమే. మందు పూసే మనిషి పక్కనే ఉండి ఉరుకులు పెట్టనక్కర్లేదు, కొద్దిమంది స్త్రీలు చాలు.

ప్లేట్లలో ఫుల్ ప్లేటు ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు. హాఫ్ ప్లేటు నాలుగుముప్పావు, ఆరున్నర. ఎర్రదీపం వెలుగులో పెట్టె తెరిచి, ఒంటెజుట్టు కుంచెతో దుమ్ము తుడిచి, చెక్క స్లైడులో పెట్టి మూత వేయాలి. సీమ దుమ్ముకు ఇది ముఖ్యం. గాలి లేచే నెలల్లో గచ్చు మీద నీళ్లు చల్లి, దుమ్ము అణిగాకే పెట్టె తెరవాలి. ప్లేటు మీద ఒక్క రేణువు నిలిస్తే ప్రింటులో అక్కడ నల్లచుక్క పడుతుంది.

3. ముస్తాబు

ఆ కాలపు మామూలు ప్లేటుకు నీలం, ఊదా రంగులే బాగా తెలుస్తాయి. పసుపూ ఎరుపూ దాదాపు తెలియవు. మన ఆడవాళ్ల అలంకారమంతా ఆ రెండు రంగుల్లోనే ఉంటుంది మరి. ముఖానికి పసుపు రాసుకుని వస్తే ఫోటోలో ముఖం నల్లబడుతుంది. కుంకుమ బొట్టు నల్లచుక్క అవుతుంది. ఎర్రచీరకూ నల్లచీరకూ తేడా ఉండదు, లేత నీలం చీర తెల్లచీరలా పడుతుంది. బంగారం మసకబారుతుంది, ముత్యాలూ రవ్వలూ మాత్రం మెరుస్తాయి.

కాబట్టి కెమెరా ముందు కూర్చోబెట్టే ముందు మాట్లాడాలి. పసుపు కడుక్కోమనాలి, ఈ చీర వద్దు ఆ చీర కట్టుకోమనాలి, మెడలో గొలుసు సర్దాలి, పైట మడతలు దిద్దాలి. గడ్డం పట్టుకుని ముఖం కాస్త పక్కకు తిప్పాలి. ఘోషా లేని ఇళ్లలో కూడా ఇవి పరాయి మగవాడు చేసే పనులు కావు. మగ ఫోటోగ్రాఫర్ దూరం నుంచే చెప్పి ఊరుకోవాలి, ఆనాటి ఫోటోల్లో చాలామంది ఆడవాళ్లు బిగుసుకుపోయి కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. స్త్రీ చేతిలో కెమెరా ఉండటం వల్ల కలిగే లాభం ముందుగా తెలిసేది ఈ మెట్టులోనే.

ఇంకో భయం కూడా తీర్చాలి. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మన ఊళ్లలో చాలాకాలం నమ్మారు. అంతకంటే బలమైన సందేహం, ఈ బొమ్మ ఎవరి చేతికి పోతుందన్నది. దానికి జవాబు తర్వాతి మెట్లలో ఉంది.

4. మూత తీసి పెట్టడం

కెమెరా ముక్కాలి మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, వెనకున్న గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ కుదర్చాలి. పోర్ట్రెయిట్‌లో కళ్లు స్పష్టంగా ఉంటే చాలు, చెవులు కాస్త మసకబారినా తప్పులేదు. తర్వాత గరుకు గాజు జరిపి స్లైడు దూర్చి, దాని మూత పైకి లాగి, లెన్సు మీది టోపీ తీసి, లెక్కపెట్టి, మళ్లీ పెట్టేయాలి. మంచి వెలుతురులో రెండు మూడు సెకన్లు, మబ్బుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆ కాసేపు మనిషి కదలకూడదని తల వెనక ఇనుప ఊత పెట్టేవారు. పసిపిల్లల్ని తల్లి ఒడిలోనో, తెర వెనక ఉన్న తల్లి చేతుల్లోనో కూర్చోబెట్టేవారు.

ఫోటో తీయడమంటే లోకానికి తెలిసింది ఈ మెట్టు ఒక్కటే. మొత్తం పనిలో ఇదే అన్నిటికంటే చిన్నది.

5. చీకటి గది

ఎర్రదీపం కింద పింగాణీ పళ్లెంలో ప్లేటు పెట్టి, డెవలపర్ ఒక్క ఊపులో పైన పోయాలి. ఆగి ఆగి పోస్తే చారలు పడతాయి. అప్పట్లో ఎక్కువగా వాడింది పైరోగాలిక్ ఆమ్లం, దానికి తోడు అమ్మోనియా గానీ సోడా గానీ. పళ్లెం అటూ ఇటూ ఊపుతూ ఉంటే ముందుగా తెల్లచీర నల్లగా తేలుతుంది, తర్వాత నుదురు, బుగ్గలు, చివరికి నీడలు. ఎక్కడ ఆపాలో గడియారం చెప్పదు. ప్లేటు వెనక నుంచి చూసి, నలుపు ఎంత దిగిందో పసిగట్టి ఆపాలి. అనుభవం మీద వచ్చే విద్య ఇది. పైరో వాడే చేతివేళ్లకు గోధుమరంగు మరక పట్టి ఎంత తోమినా పోదు. ఆ వేళ్లను చూసి ఫోటోగ్రాఫర్‌ని గుర్తుపట్టవచ్చు.

ముసుగు తీసిన ముఖం, తలకిందులైన రంగుల్లోనైనా, లోకానికి మొదటిసారి కనిపించేది ఇక్కడే. ప్రహరీ లోపల స్త్రీయే ఫోటో తీసి, ప్లేటు కడగడానికి బయటి మగవాడికి పంపితే ఘోషా అక్కడితో సరి. స్త్రీకి కెమెరా వాడటం ఒక్కటే వస్తే చాలదు, రసాయనం రావాలి.

6. నీళ్లు

డెవలప్ అయిన ప్లేటును కాస్త కడిగి హైపో అనే మందులో వేయాలి. వెలుగు తగలని వెండి లవణం పాలలా తెల్లగా ఉంటుంది. హైపో దాన్ని కరిగించేస్తుంది. ఆ తెలుపు పూర్తిగా పోయాక మరో అంతసేపు ఉంచి తీయాలి. ఇక మిగిలింది హైపోను కడిగేయడం. అది మిగిలిపోతే కొన్నేళ్లకు బొమ్మ పసుపెక్కి వెలిసిపోతుంది. పాత ఫోటోలు పాలిపోవడానికి పెద్ద కారణాల్లో సరిగ్గా కడగకపోవడం ఒకటి.

అనంతపురానికి కష్టకాలం ఇక్కడ మొదలవుతుంది. జిల్లాలో సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండేస్తాయి, ఈశాన్య వాన తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి సన్నబడుతుంది. పుస్తకాల్లో రాసినట్టు గంటసేపు పారే నీళ్ల కింద పెట్టడం కుదిరే పని కాదు. అవసరం కూడా లేదు. పళ్లెంలో నీళ్లు పోసి, అయిదు నిమిషాలు నానబెట్టి, పూర్తిగా ఒంపేసి, మళ్లీ పోయాలి. ఇలా పది సార్లు మారిస్తే పారే నీటి కంటే తక్కువ నీళ్లతో పని అవుతుంది. ఒక ప్లేటు చివరి నీళ్లు తర్వాతి ప్లేటుకు మొదటి నీళ్లుగా వాడుకోవచ్చు. హైపో పోయిందో లేదో చూడటానికి బావుల్లో చల్లే పర్మాంగనేట్ ఉపయోగపడుతుంది. లేత గులాబీ రంగు వచ్చేలా కొన్ని నీళ్లలో కలిపి, ప్లేటు నుంచి కారే చుక్కలు అందులో పడనివ్వాలి. రంగు విరిగిపోతే హైపో ఇంకా ఉన్నట్టు, నిలిస్తే పోయినట్టు.

ఇక్కడి బోరునీళ్లు కఠిన జలం. ఆరాక గాజు మీద తెల్లటి పొర కడుతుంది. చివరిసారి కడగడానికి పట్టి ఉంచిన వాననీళ్లో, కాచి వడకట్టిన నీళ్లో వాడాలి.

నీళ్ల కంటే వేడి ప్రమాదం. జెలటిన్ ముప్పై డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెలలో నలభై దాటే ఊళ్లో మధ్యాహ్నం ప్లేటు కడిగితే అంచుల నుంచి జెలటిన్ ముడతలు పడి లేస్తుంది, కొన్నిసార్లు బొమ్మంతా గాజును వదిలి పళ్లెంలోకి జారిపోతుంది. దీనికి వేడి ప్రాంతాల ఫోటోగ్రాఫర్లు వాడిన మందు పటిక. ఇంట్లో మురికి నీళ్లు తేర్చే అదే పటికను నీళ్లలో కరిగించి ప్లేటు ముంచితే జెలటిన్ గట్టిపడుతుంది. దానితో పాటు కొత్త కుండల్లో నీళ్లు చల్లార్చుకోవాలి, కడిగే పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. తీసిన నాడే కడగాలన్న తొందర లేకపోవడం పొడి ప్లేటు మనకిచ్చిన వరం.

7. టచింగ్

ఆరిన ప్లేటును, అంటే నెగెటివ్‌ను, ఏటవాలు బల్లకు బిగిస్తారు. కింద అద్దం పెట్టి వెలుగు గాజు గుండా పైకి వచ్చేలా చేస్తారు. జెలటిన్ మీద సన్నగా వార్నిష్ లాంటి మందు రుద్దితే పెన్సిలు గీత నిలుస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖంలోని చిన్నచిన్న పారదర్శకమైన చోట్లను నింపుతారు. నెగెటివ్‌లో నలుపు చేర్చిన చోట ప్రింటులో తెలుపు వస్తుంది. మశూచి మచ్చలు, కంటి కింద చారలు, పసుపు వల్ల వచ్చిన నలుపు అలా పోతాయి. చిన్న కత్తితో గీకితే దీనికి వ్యతిరేకం, ఆ చోటు నల్లబడుతుంది.

ఒక్క ముఖం మీద గంటల తరబడి కళ్లు పెట్టి చేసే పని. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఎవరూ అంత దగ్గరగా, అంతసేపు చూడరు. అందుకే ఘోషా స్టూడియోకి స్త్రీ అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఈ బల్ల దగ్గర ఉంటుంది. ఎంతవరకు దిద్దాలన్నది కూడా చేసేవాళ్ల విచక్షణే. పెన్సిలు ఎక్కువైతే ముఖం మైనపు బొమ్మవుతుంది. మచ్చ తీసేయవచ్చు, పోలిక తీసేయకూడదు.

8. ఎండలో అచ్చు

చెక్క ఫ్రేములో గాజు ముందు వైపు, దాని వెనక వెండి క్లోరైడు పూసిన కాగితం. ఫ్రేమును వెలుగులో పెడితే కాగితం కళ్లముందే రంగు మారుతూ ఎర్రగోధుమ బొమ్మ వస్తుంది. ఫ్రేము వెనక తలుపు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క తెరిచి చూసి, చాలకపోతే మళ్లీ మూయవచ్చు. రెండో ముక్క పట్టి ఉంచడం వల్ల బొమ్మ జరగదు. తర్వాత హైపోలో కాస్త వెలుస్తుంది కాబట్టి, కావలసిన దానికంటే ముదరగా అచ్చు వేయాలి. బంగారు క్లోరైడు నీళ్లలో ముంచితే ఎర్రదనం పోయి ఊదా కలిసిన గోధుమరంగు వస్తుంది, బొమ్మ మన్నికా పెరుగుతుంది. ఆపైన హైపో, మళ్లీ కడుగుడు.

సీమ ఎండ ఈ మెట్టుకు పనికొస్తుంది, కానీ ఒక మెలకువతో. నెగెటివ్ చిక్కగా ఉంటే నేరుగా ఎండలో పెట్టవచ్చు. పలచగా ఉంటే నీడలోనే పెట్టాలి. అప్పుడు నెమ్మదిగా దిగి, తెలుపు నలుపుల తేడా నిలుస్తుంది.

9. అట్ట, పేరు

ప్రింటును తడిగా ఉండగానే తాజా గంజితో అట్టకు అంటించి బరువు పెడతారు. కేబినెట్ అట్ట నాలుగుంపావు, ఆరున్నర అంగుళాలు. కింద బంగారు అక్షరాల్లో స్టూడియో పేరు. కెమెరా పట్టినవారి పేరు, కడిగినవారి పేరు, పెన్సిలు దిద్దినవారి పేరు అట్ట మీద ఉండవు.

అయిందనుకుంటాం, కానీ గాజు ఇంకా మిగిలే ఉంది. నెగెటివ్‌లు భద్రపరుస్తామని, ఎప్పుడడిగినా కాపీలు ఇస్తామని ఆనాటి స్టూడియోలు అట్ట వెనక అచ్చేసుకునేవి. మామూలు ఖాతాదారుకు అది సౌకర్యం. ఘోషా స్త్రీకి అదే అపాయం. గాజు ఎవరి దగ్గరుంటే బొమ్మ వాళ్లదే, ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు.

అనంతపురం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనే 1876–78 ధాతు కరువు నాడు విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన జనాన్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. వాళ్లలో స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. వాళ్ల ముందు ఏ తెరా లేదు, ఆ గాజు మీద వాళ్లకు ఏ హక్కూ లేదు. ఆ బొమ్మలు సముద్రాలు దాటాయి. తన ముఖం ఎంతమంది చూడాలో తేల్చుకునే హక్కు ఆ కాలంలో ప్రహరీ కట్టించుకోగలిగిన ఇళ్ల స్త్రీలకే, అదీ కొంతవరకే దక్కింది.

గోడ లేకుండా

ఇన్ని మెట్లకూ గోడ కట్టడం నిజాం నగరంలో సాధ్యం. జిల్లా కేంద్రాల్లో అంత గిరాకీ ఉండదు. రెండో దారిని కలకత్తాలో అన్నపూర్ణ దత్త చూపించింది. 1894లో పుట్టింది, భర్త దగ్గర కెమెరా నేర్చుకుంది, పాతికేళ్ల వయసులో దాన్నే వృత్తి చేసుకుంది. స్టూడియో పెట్టలేదు. పరదా పాటించే ముస్లిం కుటుంబాలు కబురు పంపితే కెమెరాతో వాళ్ల ఇంటికే వెళ్లేది. ప్లేట్లు కడగడం, ప్రింట్లు వేయడం తన ఇంట్లో తానే చేసుకునేది. ఫోటోగ్రాఫర్ మాసిమా, అంటే ఫోటోగ్రాఫర్ పిన్ని అని పిలుచుకునేవారు. 1976లో కన్నుమూసింది.

జనానా స్టూడియోలో ఎన్నో చేతులకు పంచిన పనంతా ఇక్కడ ఒక్క మనిషిలో చేరింది. ప్రహరీ అక్కర్లేదు, గాజు గది అక్కర్లేదు. వెలుతురుకు ఆ ఇంటి వరండా చాలు. ముఖం చూసినదీ, దిద్దినదీ, గాజు దాచినదీ ఆమే కాబట్టి కాపలా వేరే పెట్టాల్సిన పని లేదు. ఒక కెమెరా, నాలుగు పళ్లేలు, ఒక ఎర్రదీపం, కుండలో చల్లటి నీళ్లు, పిడికెడు పటిక. అనంతపురంలాంటి ఊరు భరించగలిగిన ఖర్చు అది.

ఇప్పుడెవరైనా ఇక్కడి కాలేజీల్లో గాజు ప్లేటు పద్ధతి సరదాగా నేర్పాలనుకుంటే కెమెరాతో మొదలుపెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే పిల్లలకు అదే ఆకర్షణ. వరుస మార్చి చూడాలి. మొదటి రోజు నీళ్లు పొదుపుగా కడగడం, రెండో రోజు చీకటి గది, మూడో రోజు పెన్సిలు, చివరికి కెమెరా. మూత తీసి పెట్టడం ఒక పూటలో ఎవరికైనా వస్తుంది. ఫోటో చివరికి ఎవరి చేతిలో ఉంటుందో తేల్చేది మిగతా ఎనిమిది మెట్లు.